జాన్ బాయిల్ ఓరైలీ

జాన్ బాయిల్ ఓరైలీ (జూన్ 28, 1844 – ఆగష్టు 10, 1890) ఐర్లాండుకు చెందిన కవి, పాత్రికేయుడు, విప్లవకారుడు. బ్రిటిషు సైన్యంలో అశ్వికుడిగా పనిచేస్తూనే ఐర్లాండు స్వాతంత్ర్యం కోసం ఏర్పడిన రహస్య సంస్థలో చేరినందుకు ఇతడికి 1866లో మరణశిక్ష పడింది. తరువాత దానిని 20 సంవత్సరాల కఠిన కారాగార శిక్షగా తగ్గించారు. 1867లో ఇతడిని పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఖైదీల వలసకు ఓడలో పంపారు. అక్కడ పదమూడు నెలలు గడిపి, 1869లో తిమింగలాల వేట ఓడలో తప్పించుకొని అమెరికా చేరాడు. బోస్టన్ నగరంలో 'ది పైలట్' పత్రికకు సంపాదకుడై, అమెరికాలోని ఐరిష్ ప్రజలలో అత్యంత పలుకుబడి గల వ్యక్తులలో ఒకడయ్యాడు. ఆస్ట్రేలియాలో మిగిలిపోయిన తన సహచర ఖైదీలను 1876లో 'కటాల్పా' అనే ఓడలో విడిపించిన సాహసంలో ఇతడి పాత్ర ముఖ్యమైనది.

ద్వీపాంతరవాస శిక్ష – నేపథ్యం

నేరస్థులను స్వదేశం నుండి వెళ్ళగొట్టి సముద్రాల ఆవల ఉన్న వలసలలో నిర్బంధించి పని చేయించే శిక్షను ద్వీపాంతరవాస శిక్ష అంటారు. భారతీయులకు ఈ శిక్ష అండమాన్ దీవుల కారణంగా సుపరిచితం. 1857 తిరుగుబాటు తరువాత, 1858 నుండి బ్రిటిషు ప్రభుత్వం భారతీయ ఖైదీలను అండమాన్‌కు పంపసాగింది. అంతకు 70 సంవత్సరాల ముందే, 1788లో, ఇదే పద్ధతిని ఆస్ట్రేలియాలో ప్రారంభించింది. 1788 – 1868 మధ్యకాలంలో సుమారు 1,60,000 మందిని ఈ విధంగా ఆస్ట్రేలియాకు పంపారు. వీరిలో దాదాపు నాలుగోవంతు మంది ఐర్లాండు నుండి వెళ్ళినవారు. అత్యధికులు దొంగతనం వంటి నేరాలకు శిక్ష పడినవారే అయినా, తిరుగుబాట్లలో పాల్గొన్న రాజకీయ ఖైదీలు కూడా వీరిలో ఉన్నారు.

న్యూ సౌత్ వేల్స్, టాస్మేనియా వంటి తూర్పు వలసలు క్రమంగా ఖైదీలను స్వీకరించడం మానేశాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలో దీనికి విరుద్ధంగా జరిగింది. 1829లో స్వేచ్ఛా వలసగా స్థాపించిన ఆ ప్రాంతంలో పనివారి కొరత తీవ్రమై, వలసదారులే ఖైదీలను పంపమని కోరారు. 1850 – 1868 మధ్య అక్కడికి 9,700 మంది వరకు ఖైదీలను తరలించారు. వీరందరూ పురుషులే. రోడ్లు, వంతెనలు, ప్రభుత్వ భవనాలు వీరి శ్రమతో నిర్మించబడ్డాయి. ఓరైలీని తీసుకువెళ్ళిన 'హూగుమాంట్' ఆస్ట్రేలియాకు ఖైదీలను చేరవేసిన చివరి ఓడ.

బాల్యం

ఓరైలీ జూన్ 28, 1844న ఐర్లాండులోని మీత్ కౌంటీలో, డ్రోహెడా పట్టణానికి సమీపంలో, బోయిన్ నది లోయలో ఉన్న డౌత్ గ్రామంలో జన్మించాడు. తండ్రి విలియం డేవిడ్ ఓరైలీ స్థానిక ధర్మసంస్థకు అనుబంధంగా ఉన్న పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు. తల్లి ఎలిజా బాయిల్. తండ్రి వద్దనే ఇతడి చదువు సాగింది.

ఇతడికి ఏడాది వయసు వచ్చేసరికి ఐర్లాండులో బంగాళాదుంప పంటకు తెగులు సోకి మహాక్షామం ప్రారంభమయింది. 1845 – 1852 మధ్య సుమారు పది లక్షల మంది ఆకలితోను, రోగాలతోను మరణించారు. మరో పది లక్షల మంది దేశం విడిచి వెళ్ళారు. ఉపాధ్యాయుని జీతం ఉండడం వలన ఓరైలీ కుటుంబం ఆ కష్టం నుండి కొంతవరకు బయటపడింది. కాని ఆ తరంలోని ఐరిష్ యువకులు అనేకుల వలెనే ఇతడు కూడా క్షామానికి బ్రిటిషు పాలనే కారణమని నమ్మి పెరిగాడు.

ముద్రణాలయంలో పని

ఓరైలీ అన్న విలియం 'డ్రోహెడా ఆర్గస్' పత్రిక ముద్రణాలయంలో పని నేర్చుకుంటుండగా జబ్బుపడ్డాడు. పని నేర్పినందుకు కుటుంబం ముందుగానే 50 పౌండ్లు చెల్లించి ఉంది. ఆ సొమ్ము వృథా కాకుండా అన్న స్థానంలో జాన్ చేరాడు. అప్పటికి ఇతడి వయసు పదకొండేళ్ళు. సీసపు అక్షరాలు కూర్చే పనిలో నేర్పు సంపాదించాడు.

1859లో ఇంగ్లాండులోని ప్రెస్టన్ పట్టణంలో బంధువుల ఇంటికి వెళ్ళి, 'ప్రెస్టన్ గార్డియన్' పత్రికలో కంపోజిటరుగా చేరాడు. తరువాత సంక్షిప్తలిపి నేర్చుకొని విలేఖరిగా కూడా పనిచేశాడు. 1861లో అక్కడి స్వచ్ఛంద సైనిక దళంలో చేరడంతో సైనిక జీవితంపై ఆసక్తి ఏర్పడింది.

సైన్యంలో చేరిక, రహస్య సంస్థ

1863లో ఓరైలీ ఐర్లాండుకు తిరిగి వచ్చి డబ్లిన్‌లో బ్రిటిషు సైన్యపు 10వ హుస్సార్స్ అశ్విక దళంలో చేరాడు. గుర్రపుస్వారీలో, కవాతులో మంచి పేరు తెచ్చుకున్నాడు.

ఆ కాలంలో ఐరిష్ రిపబ్లికన్ బ్రదర్‌హుడ్ అనే రహస్య సంస్థ ఐర్లాండులో బలపడుతోంది. 1858లో డబ్లిన్‌లో జేమ్స్ స్టీఫెన్స్ స్థాపించిన ఈ సంస్థ సాయుధ తిరుగుబాటు ద్వారా ఐర్లాండును స్వతంత్ర గణతంత్ర రాజ్యం చేయాలని ఆశించింది. దీని సభ్యులను ఫీనియన్లు అనేవారు. ఐర్లాండులోని బ్రిటిషు దళాలలో ఐరిష్ సైనికులు పెద్దసంఖ్యలో ఉండేవారు. వారిని తమవైపు తిప్పుకుంటే ఆయుధాలు, శిక్షణ రెండూ లభిస్తాయని సంస్థ నాయకులు భావించారు. ఈ పనిని జాన్ డెవాయ్ అనే యువకుడికి అప్పగించారు. 1865లో డెవాయ్ ఓరైలీని సంస్థలో చేర్చుకున్నాడు. ఓరైలీ తన దళం నుండి 80 మంది వరకు సైనికులను సంస్థలోకి తెచ్చాడని చెబుతారు.

సైన్యంలో చేరినప్పుడు ఓరైలీ బ్రిటిషు రాణికి విధేయుడిగా ఉంటానని ప్రమాణం చేశాడు. ఫీనియనుగా ఐరిష్ గణతంత్రానికి మరో ప్రమాణం చేశాడు. ఈ రెండు ప్రమాణాల వైరుధ్యమే అతడి తరువాతి జీవితాన్ని నిర్ణయించింది. సామాన్య పౌరులైన ఫీనియన్లను ప్రభుత్వం రాజకీయ నేరస్థులుగా చూసి కొంతకాలానికి క్షమించగలిగింది. సైనికులైన ఫీనియన్లను మాత్రం ప్రమాణం తప్పిన ద్రోహులుగానే పరిగణించింది.

అరెస్టు, విచారణ

వేగుల ద్వారా కుట్ర సమాచారం ప్రభుత్వానికి చేరింది. 1866 ఫిబ్రవరిలో డబ్లిన్ సైనిక శిబిరాలలో వరుసగా అరెస్టులు జరిగాయి. ఓరైలీని కూడా అదే నెలలో అరెస్టు చేశారు. ఇతడి ఇరవైరెండో పుట్టినరోజుకు ముందురోజైన జూన్ 27న సైనిక న్యాయస్థానంలో విచారణ మొదలయింది. సైన్యంలో తిరుగుబాటు జరగబోతున్నదని తెలిసి కూడా పై అధికారికి తెలియజేయలేదన్నది ఇతడిపై మోపిన అభియోగం. తోటి సైనికులే కొందరు ఇతడికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పారు.

జూలై 9, 1866న ఇతడికి మరణశిక్ష ప్రకటించి, వయసు చిన్నదన్న కారణంతో అదేరోజు దానిని 20 సంవత్సరాల కఠిన కారాగార శిక్షగా మార్చారు.

ఇంగ్లాండు జైళ్ళలో

డబ్లిన్ నుండి ఓరైలీని ఇంగ్లాండుకు తరలించారు. లండన్‌లోని మిల్‌బ్యాంక్ జైలులో నెలల తరబడి ఏకాంత నిర్బంధంలో గడిపాడు. తరువాత చాతమ్, పోర్ట్స్‌మత్, డార్ట్‌మూర్ జైళ్ళకు మార్చారు. బురదనేలలతో నిండిన డార్ట్‌మూర్‌లో చిత్తడినేలను తవ్వే పని అత్యంత కఠినమైనదిగా పేరుపొందింది. ఓరైలీ పలుమార్లు పారిపోవడానికి ప్రయత్నించి పట్టుబడి, ప్రతిసారీ మరింత కఠినమైన నిర్బంధానికి గురయ్యాడు. చివరకు పోర్ట్‌లాండ్ జైలులో ఉండగా ఆస్ట్రేలియాకు పంపుతున్నట్లు తెలిసింది.

హూగుమాంట్ ఓడ ప్రయాణం

అక్టోబరు 12, 1867న హూగుమాంట్ ఓడ సుమారు 280 మంది ఖైదీలతో పోర్ట్‌లాండ్ నుండి బయలుదేరింది. వారిలో 62 మంది ఫీనియన్లు. వీరిలో 17 మంది వరకు మాజీ సైనికులు. ఈ సైనిక ఖైదీలను మొదట సాధారణ నేరస్థులతో కలిపి ఉంచారు. తిరుగుబాటుదారుల ఓడ వస్తున్నదన్న వార్తతో పశ్చిమ ఆస్ట్రేలియాలోని వలసదారులు తీవ్రమైన ఆందోళనకు లోనయ్యారు.

సముద్రంపై దాదాపు మూడు నెలల ప్రయాణంలో ఫీనియన్ ఖైదీలు 'ది వైల్డ్ గూస్' అనే చేతివ్రాత పత్రికను నడిపారు. అడవి బాతు అని దీని అర్థం. పూర్వం ఐర్లాండును విడిచి ఐరోపా రాజుల సైన్యాలలో చేరిన ఐరిష్ యోధులను 'అడవి బాతులు' అనేవారు. ఆ పేరునే పత్రికకు పెట్టుకున్నారు. జాన్ ఫ్లడ్ సంపాదకుడు కాగా ఓరైలీ, డెనిస్ కాష్‌మన్, జాన్ కేసీ, ఎడ్వర్డ్ కెల్లీ తదితరులు సహకరించారు. ప్రతి సంచికకూ ఒకే ఒక ప్రతి వ్రాసేవారు. దానిని ఖైదీల మధ్య బిగ్గరగా చదివి వినిపించేవారు. కవితలు, కథలు, హాస్యంతో మొత్తం ఏడు సంచికలు వెలువడ్డాయి. ఓడలో వ్రాసిన ఈ పత్రిక ప్రతులు నాశనం కాకుండా నిలిచి, నేడు సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి.

పశ్చిమ ఆస్ట్రేలియాలో ఖైదీగా

జనవరి 9, 1868న ఓడ ఫ్రిమాంటిల్ రేవు చేరింది. ఫ్రిమాంటిల్ జైలులో ఓరైలీకి 9843 సంఖ్య కేటాయించారు. కొద్దికాలం జైలు గ్రంథాలయంలో పనిచేసిన తరువాత, సుమారు నెలరోజులకు దక్షిణాన ఉన్న బన్‌బరీ ప్రాంతానికి రోడ్లు వేసే ఖైదీల బృందంలో పంపారు. ఆ బృందానికి వార్డరు హెన్రీ వుడ్‌మన్. చదువు వచ్చినవాడు కావడం వలన ఓరైలీకి లెక్కలు వ్రాయడం, ఉత్తరాలు చేరవేయడం వంటి పనులు అప్పగించారు. దీనివలన శిబిరం బయట తిరిగే అవకాశం కలిగింది.

ఈ కాలానికి సంబంధించి జీవితచరిత్రకారుడు జేమ్స్ జెఫ్రీ రోష్ ఒక సంఘటన చెప్పాడు. కొత్తగా వేస్తున్న రోడ్డుకు అడ్డంగా ఒక మహావృక్షం ఉంది. దానిని నరకవలసిందని ఆజ్ఞ వచ్చింది. ఓరైలీ అధికారి వద్దకు వెళ్ళి ఆ చెట్టును కాపాడమని వేడుకున్నాడు. అధికారి భార్య స్వయంగా వచ్చి చెట్టును చూసిన తరువాత రోడ్డు దారి మార్చారట.

బన్‌బరీ చుట్టుపక్కల ప్రాంతం నూంగర్ ఆదివాసుల నేల. ఆ జైలుకు గోడలు లేవు. ఒకవైపు నీరు దొరకని అడవి, మరొకవైపు హిందూ మహాసముద్రం ఉండేవి. అడవిలోకి పారిపోయినవారిని అడుగుజాడలు పట్టి వెతకడంలో ఆరితేరిన ఆదివాసుల సహాయం పోలీసులకు ఉండేది. అందువలన పారిపోయినవారిలో అత్యధికులు తిరిగి పట్టుబడేవారు.

వార్డరు కుమార్తె జెస్సీ వుడ్‌మన్‌తో ఓరైలీకి ప్రేమ ఏర్పడిందని జీవితచరిత్రకారులు వ్రాశారు. ఖైదీకి అటువంటి అనుబంధం అసాధ్యమైనది. తీవ్రమైన నిస్పృహలో డిసెంబరు 27, 1868న ఓరైలీ ఆత్మహత్యకు ప్రయత్నించాడు. సకాలంలో మరొక ఖైదీ చూడడంతో ప్రాణాలు దక్కాయి.

తప్పించుకోవడం

ఆ ప్రాంతంలోని కాథలిక్ మతాచార్యుడు పాట్రిక్ మెక్‌కేబ్ ఓరైలీకి సన్నిహితుడు. ఒంటరిగా అడవిలోకి పారిపోతే మరణం తప్పదని, సముద్రమార్గమే శరణ్యమని ఆయన నచ్చజెప్పి సహాయానికి పూనుకున్నాడు. డార్డనప్‌లో స్థిరపడిన ఐరిష్ రైతులు, ముఖ్యంగా జేమ్స్ మెగ్వైర్, ఇందుకు తోడ్పడ్డారు. ఖైదీకి ఆశ్రయమివ్వడం నేరమని తెలిసే వారు ఈ పనికి సిద్ధపడ్డారు. బన్‌బరీలో ఆగి ఉన్న 'విజిలెంట్' అనే అమెరికను తిమింగలాల వేట ఓడ నాయకునితో ఒప్పందం కుదిరింది.

ఫిబ్రవరి 18, 1869 రాత్రి ఓరైలీ శిబిరం నుండి బయటపడ్డాడు. మిత్రులతో కలిసి గుర్రంపై కొంతదూరం వెళ్ళి, సిద్ధంగా ఉంచిన పడవనెక్కి లెషెనాల్ట్ ఉప్పుకయ్య గుండా సముద్రంలోకి ప్రవేశించాడు. తీరం వెంబడి ఉత్తరంగా సుమారు 12 మైళ్ళు ప్రయాణించి ఇసుకదిబ్బలలో దాగాడు. మరునాడు విజిలెంట్ కనిపించగానే పడవలో ఎదురువెళ్ళారు. కాని ఓడ ఆగకుండా వెళ్ళిపోయింది. ఓరైలీ మరల దిబ్బల మధ్యకు చేరి దాదాపు రెండు వారాలు అజ్ఞాతంగా గడిపాడు. పోలీసులు గాలిస్తూనే ఉన్నారు.

మెక్‌కేబ్ ఈసారి 'గజెల్' అనే మరో అమెరికను వేట ఓడ నాయకుడు డేవిడ్ గిఫోర్డ్‌తో మాట్లాడాడు. మార్చి 3న గజెల్ ఓరైలీని ఎక్కించుకుంది. అతడితోపాటు మార్టిన్ బోమన్ అనే మరో ఖైదీని కూడా ఎక్కించుకోవలసి వచ్చింది. పథకం సంగతి పసిగట్టిన బోమన్, తనను తీసుకువెళ్ళకపోతే బయటపెడతానని బెదిరించాడు.

సముద్రంపై

ఓరైలీని జావా ద్వీపంలో దింపాలని మొదటి ఆలోచన. వాతావరణం అనుకూలించకపోవడంతో గజెల్ పడమరకు మళ్ళి రోడ్రిగ్స్ ద్వీపం చేరింది. అది కూడా బ్రిటిషు వారి అధీనంలోనిదే. ఓడ లంగరు వేయగానే స్థానిక మేజిస్ట్రేటు పోలీసులతో వచ్చి, పశ్చిమ ఆస్ట్రేలియా నుండి తప్పించుకున్న ఖైదీని అప్పగించమన్నాడు. ఓడ మేట్ హెన్రీ హాథవే అటువంటి వ్యక్తి ఎవరూ లేరని చెప్పాడు. బోమన్‌ను మాత్రం గుర్తుపట్టి తీసుకువెళ్ళారు. అతడు ఓరైలీ సంగతి చెప్పేస్తాడని అందరూ భయపడ్డారు.

ఆ రాత్రి హాథవే ఒక ఉపాయం పన్నాడు. బరువైన సానరాయిని, ఓరైలీ టోపీని చీకటిలో సముద్రంలోకి విసిరారు. నీటి చప్పుడు విని, టోపీ తేలడం చూసిన నావికులు ఓరైలీ సముద్రంలో దూకి చనిపోయాడని నిజంగానే నమ్మారు. మరునాడు పోలీసులు వచ్చేసరికి ఓడ అంతా విషాదంలో ఉంది. వెతకకుండానే వారు వెనుదిరిగారు. ఓడ ద్వీపాన్ని విడిచిన తరువాతే ఓరైలీ దాగినచోటు నుండి బయటికి వచ్చాడు.

గజెల్ తరువాత ఆగవలసిన సెయింట్ హెలీనా కూడా బ్రిటిషు ద్వీపమే. కనుక జూలై 29న, బొంబాయి నుండి లివర్‌పూల్ వెళుతున్న 'సఫైర్' అనే అమెరికను సరుకుల ఓడకు ఓరైలీని మార్చారు. గిఫోర్డ్ దారిఖర్చులకు డబ్బు కూడా ఇచ్చాడు. అక్టోబరులో ఓరైలీ లివర్‌పూల్ చేరాడు. తనకు శిక్ష విధించిన దేశంలోనే మారుపేరుతో కొద్దిరోజులు దాగి, 'బొంబాయి' అనే పేరుగల అమెరికను ఓడ ఎక్కాడు. నవంబరు 23, 1869న ఫిలడెల్ఫియాలో దిగాడు. దిగిన వెంటనే అమెరికా పౌరసత్వం కోసం దరఖాస్తు చేసుకున్నాడు.

అమెరికాలో పాత్రికేయ జీవితం

1870 ప్రారంభంలో ఓరైలీ బోస్టన్ చేరి, ఐరిష్ కాథలిక్కుల పత్రిక 'ది పైలట్'లో విలేఖరిగా చేరాడు. ఆ సంవత్సరమే అమెరికాలోని ఫీనియన్లు కెనడాపై దాడికి దిగారు. ఓరైలీ విలేఖరిగా వారి వెంట వెళ్ళి, ఆ దాడి ఎంత అస్తవ్యస్తంగా విఫలమైనదో నిర్మొహమాటంగా వ్రాశాడు. ఆ తరువాత ఇటువంటి సాయుధ చర్యల పట్ల అతడికి నమ్మకం సడలింది. ప్రజాస్వామ్య పద్ధతులలో ఐర్లాండుకు స్వపరిపాలన సాధించాలన్న ఉద్యమాన్ని సమర్థించాడు.

కొద్దికాలంలోనే పైలట్ సంపాదకుడయ్యాడు. ఆగష్టు 15, 1872న మేరీ మర్ఫీని వివాహమాడాడు. వీరికి నలుగురు కుమార్తెలు. 1872 నాటి బోస్టన్ మహా అగ్నిప్రమాదంతో మొదలైన నష్టాల వలన పత్రిక యజమాని పాట్రిక్ డొనహో దివాలా తీశాడు. ఆయన నడిపిన బ్యాంకులో పొదుపు దాచుకున్న పేదలు నష్టపోయారు. 1876లో ఓరైలీ, బోస్టన్ ఆర్చిబిషప్ జాన్ విలియమ్స్ కలిసి పత్రికను కొని, ఆ డిపాజిటుదారులకు వాయిదాలలో సొమ్ము చెల్లించే బాధ్యత స్వీకరించారు. తరువాతి కాలంలో ప్రపంచప్రసిద్ధుడైన కవి డబ్ల్యు. బి. యేట్స్ యువకుడిగా ఉన్నప్పుడు వ్రాసిన వ్యాసాలను పైలట్ 1889 నుండి ప్రచురించింది.

కటాల్పా సాహసం

1869, 1871లలో బ్రిటిషు ప్రభుత్వం పౌర ఫీనియన్ ఖైదీలలో అత్యధికులకు క్షమాభిక్ష ప్రకటించింది. సైనిక ఫీనియన్లకు అది వర్తించలేదు. వారు ఫ్రిమాంటిల్‌లోనే మిగిలిపోయారు. వారిలో జేమ్స్ విల్సన్ అనే ఖైదీ తమ బతుకు సజీవ సమాధి వంటిదని వర్ణిస్తూ 1874లో వ్రాసిన లేఖ న్యూయార్కులో ఉంటున్న జాన్ డెవాయ్‌కు చేరింది. ఆ సైనికులను సంస్థలో చేర్చింది తానే కనుక వారిని విడిపించడం తన బాధ్యతగా డెవాయ్ భావించాడు. అమెరికాలోని ఐరిష్ సంఘమైన క్లాన్ నా గేల్ సభ్యులు చందాలు పోగుచేశారు.

డెవాయ్ ఓరైలీ సలహా కోరాడు. బలప్రయోగం వద్దని, తిమింగలాల వేట పేరుతో ఓడను పంపితే ఎవరికీ అనుమానం రాదని ఓరైలీ సూచించాడు. తనను కాపాడిన హెన్రీ హాథవే అప్పటికి న్యూ బెడ్‌ఫర్డ్ పట్టణంలో పోలీసు అధికారిగా ఉన్నాడు. ఓరైలీ అతడిని డెవాయ్‌కు పరిచయం చేశాడు. హాథవే ద్వారా ఓడల వ్యాపారి జాన్ రిచర్డ్‌సన్, ఆయన అల్లుడైన నావికుడు జార్జ్ ఆంథొనీ ఈ పథకంలోకి వచ్చారు. కటాల్పా అనే ఓడను కొని, ఏప్రిల్ 29, 1875న న్యూ బెడ్‌ఫర్డ్ నుండి పంపారు. జాన్ బ్రెస్లిన్ అనే ఫీనియను ధనవంతుడైన అమెరికను వ్యాపారి వేషంలో ముందుగానే ఫ్రిమాంటిల్ చేరి, ఖైదీలతో సంబంధాలు ఏర్పరచుకున్నాడు.

ఏప్రిల్ 17, 1876న, ఈస్టరు సోమవారం నాడు, ఆరుగురు ఖైదీలు జైలు బయటి పనుల నుండి తప్పించుకొని గుర్రపుబళ్ళలో రాకింగ్‌హామ్ తీరం చేరారు. వారు థామస్ డర్రా, మార్టిన్ హోగన్, మైకేల్ హారింగ్టన్, థామస్ హాసెట్, రాబర్ట్ క్రాన్‌స్టన్, జేమ్స్ విల్సన్. పడవలో రాత్రంతా తుఫానును ఎదుర్కొని, మరునాడు కటాల్పాను చేరుకున్నారు. ఏప్రిల్ 19న ఫిరంగితో వచ్చిన 'జార్జెట్' అనే ఆవిరి ఓడ వారిని అడ్డగించింది. ఆంథొనీ తన ఓడపై ఎగురుతున్న అమెరికా జెండాను చూపి, తాము అంతర్జాతీయ జలాలలో ఉన్నామని, కాల్పులు జరిపితే అది అమెరికాపై దాడి అవుతుందని హెచ్చరించాడు. జార్జెట్ వెనుదిరిగింది. ఆగష్టు 1876లో కటాల్పా న్యూయార్కు చేరినప్పుడు ఐరిష్ ప్రజలు ఘనస్వాగతం పలికారు.

రచనలు

ఓరైలీ మొదటి కవితా సంపుటి 'సాంగ్స్ ఫ్రమ్ ది సదరన్ సీస్' 1873లో వెలువడింది. పశ్చిమ ఆస్ట్రేలియా అడవులు, అక్కడి మూలవాసులు, తిమింగలాల వేట ఇందులోని కథాకావ్యాలకు వస్తువులు. ఈ పుస్తకాన్ని గజెల్ నాయకుడు గిఫోర్డ్‌కు అంకితమిచ్చాడు. ఇతడి ఇతర ముఖ్య రచనలు:

* సాంగ్స్, లెజెండ్స్ అండ్ బాలడ్స్ (1878) – కవితలు
* మూన్‌డైన్ (1879) – నవల
* ది స్టాచ్యూస్ ఇన్ ది బ్లాక్ (1881) – కవితలు
* ది కింగ్స్ మెన్ (1884) – మరి ముగ్గురు రచయితలతో కలిసి వ్రాసిన నవల
* ఇన్ బొహీమియా (1886) – కవితలు
* ది ఎథిక్స్ ఆఫ్ బాక్సింగ్ అండ్ మ్యాన్లీ స్పోర్ట్ (1888) – వ్యాయామం, ముష్టియుద్ధం గురించిన గ్రంథం

'మూన్‌డైన్' పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఖైదీల జీవితం నేపథ్యంగా సాగిన నవల. జైలు నుండి పదేపదే తప్పించుకొని ప్రసిద్ధుడైన 'మూన్‌డైన్ జో' అనే ఖైదీ పేరును కథానాయకుడికి పెట్టినా, కథ చాలావరకు కల్పితం. శిక్షాపద్ధతులను సంస్కరించాలన్నది ఈ నవల ముఖ్య సందేశం.

సామాజిక దృక్పథం

ఓరైలీ కేవలం ఐరిష్ ప్రజల హక్కుల కోసమే వ్రాయలేదు. అమెరికాలోని నల్లజాతి ప్రజలకు సమాన హక్కులు ఉండాలని పైలట్ సంపాదకీయాలలోను, సభలలోను గట్టిగా వాదించాడు. బోస్టన్‌లో ఐరిష్ కార్మికులకు, నల్లజాతివారికి మధ్య పోటీ, విద్వేషం బలంగా ఉన్న రోజులలో, తన పాఠకులలో అనేకులకు రుచించని మాటలనే చెప్పాడు. యూదుల పట్ల ద్వేషాన్ని కూడా ఖండించాడు. 1770 నాటి బోస్టన్ కాల్పులలో మరణించిన క్రిస్పస్ అటక్స్ తదితరుల స్మారకచిహ్నాన్ని 1888లో ఆవిష్కరించినప్పుడు, అటక్స్‌పై కవిత వ్రాశాడు. 1889 ఆగష్టులో ప్లిమత్‌లో తొలి ఆంగ్ల వలసదారుల స్మారకచిహ్నం ప్రారంభోత్సవానికి ఇతడినే కవిగా ఎంపిక చేశారు. ఐరిష్ కాథలిక్కుకు, అందులోను ఒకనాటి ఖైదీకి అటువంటి గౌరవం లభించడం ఆ కాలానికి విశేషం.

అయినప్పటికీ బ్రిటిషు చట్టం దృష్టిలో ఇతడు చివరివరకు పరారీలో ఉన్న ఖైదీయే. 1885లో కెనడాలో జరిగే సభకు వెళ్ళడానికి అనుమతి కోరితే బ్రిటిషు ప్రభుత్వం నిరాకరించింది. ఇతడు మరల ఐర్లాండును చూడలేదు.

మరణం

ఓరైలీ చివరి సంవత్సరాలలో తీవ్రమైన పని ఒత్తిడితోను, నిద్రలేమితోను బాధపడ్డాడు. ఆగష్టు 10, 1890 తెల్లవారుజామున మసాచుసెట్స్ రాష్ట్రంలోని హల్ పట్టణంలో, తన వేసవి విడిదిలో మరణించాడు. నిద్రపట్టడం కోసం భార్య వాడే క్లోరల్ మందును మోతాదుకు మించి తీసుకోవడం వలన ఇది జరిగింది. అప్పటికి ఇతడి వయసు 46 సంవత్సరాలు. బ్రూక్‌లైన్‌లోని హోలీహుడ్ శ్మశానవాటికలో ఇతడి సమాధి ఉంది.

స్మారకాలు

బోస్టన్‌లోని ఫెన్‌వే వద్ద ప్రముఖ శిల్పి డానియెల్ చెస్టర్ ఫ్రెంచ్ రూపొందించిన స్మారకచిహ్నాన్ని 1896లో ప్రతిష్ఠించారు. హల్ పట్టణంలోని ఇతడి ఇల్లు తరువాత ఆ పట్టణ గ్రంథాలయంగా మారింది. స్వగ్రామమైన డౌత్‌లో స్మారకచిహ్నం ఉంది. ఇతడు దాగిన ఇసుకదిబ్బలున్న లెషెనాల్ట్ ద్వీపకల్పంలోను మరొక స్మారకాన్ని నెలకొల్పారు. సహచరుడు రోష్ వ్రాసిన జీవితచరిత్ర 1891లో వెలువడింది. పైలట్ సంపాదకత్వం కూడా ఓరైలీ తరువాత రోష్‌కే దక్కింది.

అమెరికా అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెనడీ జూన్ 28, 1963న ఐర్లాండు పార్లమెంటులో చేసిన ప్రసంగంలో ఓరైలీ కవితను ఉటంకించాడు. ఆ రోజు ఓరైలీ జయంతి.